బెంగళూరు నిర్మాత కెంపేగౌడ

బెంగళూరు నగరంలో ఆగ్నేయ దిశగా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఉన్నది. హోసూరు, సర్జాపుర రహదారుల పేర్లు కలిసి దానికి ఆ పేరు వచ్చింది. నేడు అక్కడ ఎత్తైన భవనాలు, విశాలమైన వీధులు కనిపిస్తాయి. కొన్ని దశాబ్దాల క్రితం అది పొలాలతో, చెరువులతో నిండిన పల్లెసీమ. ఆనాటి అగర చెరువు ఇప్పటికీ ఉన్నది. అగర గ్రామం బేగూరు హోబళిలోనిది. హోబళి అంటే కొన్ని గ్రామాల సముదాయం. దాదాపు అయిదు వందల ఏండ్ల క్రితం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలు ఈ బేగూరు సీమను ఒక రైతు కులపు నాయకుని పాలనకు అప్పగించాడు. ఆ నాయకుడే కెంపేగౌడ.

కెంపేగౌడ 1510లో మొరసు ఒక్కలిగుల వంశంలో జన్మించాడు. కన్నడంలో ఒక్కలిగుడంటే సేద్యం చేసేవాడు. ఆయన పూర్వులు కంచి ప్రాంతం నుండి వలస వచ్చారు. అక్కడి పాలకుడొకడు తమ ఇంటి ఆడపిల్లను బలవంతంగా పెండ్లాడబూనగా, వారు బండ్లు కట్టుకొని రాత్రికి రాత్రే ఊరు విడిచారని వంశకథ చెబుతుంది. నందికొండల సమీపాన బండ్లు విప్పి, ఆవతిలో స్థిరపడ్డారు. వారికి రణభైరేగౌడ నాయకుడైనాడు. ఆ వంశంలోని ఒక శాఖ యలహంకకు చేరి, విజయనగర రాజులకు సామంతులై పాలించింది.

మొరసు ఒక్కలిగులలో కన్నడం మాట్లాడేవారూ, తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. ‘గంగాగౌరీ విలాసము’ అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేరుతోనే ప్రసిద్ధమైనది.

యలహంక చిన్న ఊరు. వర్తకం పెరగాలంటే విశాలమైన పట్టణం కావాలని కెంపేగౌడ తలచాడు. చక్రవర్తి అనుమతి పొంది 1537లో బెంగళూరు కోటకు, పేటకు పునాది వేశాడు. శుభముహూర్తాన నాలుగు నాగళ్లకు ఎడ్లను పూన్చి, ఒకే చోటు నుండి నాలుగు దిక్కులకు దున్నించాడని చెబుతారు. ఆ నాగటి చాళ్లే పట్టణపు ముఖ్య వీధులైనాయి. బియ్యం అమ్మేవారికి అక్కిపేట, గాజుల వర్తకులకు బళేపేట, కుమ్మరులకు కుంబారపేట, నూనె తీసేవారికి గాణిగరపేట ఏర్పడ్డాయి. ఎక్కడి నుండి వచ్చిన పనివానికైనా అక్కడ బ్రతుకుతెరువు దొరికింది.

బెంగళూరు మిట్ట నేల. దగ్గరలో పెద్ద నది లేదు. వాననీటిని నిలుపుకొనకపోతే ఊరు నిలువదు. సేద్యం తెలిసిన వంశంవాడు గనుక కెంపేగౌడ ఈ సంగతి గ్రహించి ధర్మాంబుధి, కెంపాంబుధి వంటి చెరువులు త్రవ్వించాడు. ఒక చెరువు నిండి పొర్లితే ఆ నీరు పల్లంలోని మరో చెరువుకు చేరడం ఆ సీమ పద్ధతి. అగర చెరువు నీరు బెళ్లందూరు చెరువుకు చేరేది ఇలాగే.

వర్తకం పెరిగిన తరువాత కెంపేగౌడ సొంత నాణెములు ముద్రించాడు. అది చక్రవర్తికి మాత్రమే చెల్లే అధికారం. పొరుగు పాలెగారు విజయనగరానికి ఫిర్యాదు చేయగా, అళియ రామరాయలు ఆయనను ఆనెగొందిలో చెరపెట్టించి, సీమను స్వాధీనం చేసుకొన్నాడు. అయిదేండ్ల తరువాత అపరాధం చెల్లించి కెంపేగౌడ విడుదలైనాడు. తన సీమను తిరిగి పొంది, ఆగిపోయిన పనులు కొనసాగించాడు. గవిపురంలోని గంగాధరేశ్వరాలయాన్ని బాగుచేయించాడు. బసవనగుడిలో నందికి ఆలయం కట్టించాడు.

శత్రువులతో పోరాడడం కంటె సొంతవారి ఆచారాన్ని ఎదిరించడం కష్టం. మొరసు ఒక్కలిగులలో ‘బండి దేవరు’ అనే వేడుకలో స్త్రీల చేతి చివరి రెండు వేళ్లను ఖండించే ఆచారం ఉండేది. దేవుని పేరిట ఆడపిల్లలు పడే ఈ బాధను కెంపేగౌడ సహించలేక దానిని నిషేధించాడని చెబుతారు. అయితే పాతుకొన్న ఆచారం ఒక్క ఆజ్ఞతో పోలేదు. కొన్ని పల్లెలలో 19వ శతాబ్దం వరకు సాగి, తరువాత అంతరించింది. ఆడపిల్లను కాపాడుకొనడానికే ఊరు విడిచిన వంశంలో పుట్టినవాడు ఆ పిల్లల పక్షాన నిలవడం గుర్తుంచుకొనదగినది.

కెంపేగౌడ 1569లో మరణించాడు. మాగడి తాలూకాలోని కెంపాపురలో ఆయన సమాధిని 2015లో గుర్తించారు. ధర్మాంబుధి ఎండిపోయిన చోట నేడు ఆయన పేరుతో బస్సు నిలయం ఉన్నది. 2013లో విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. 2022లో అక్కడ 108 అడుగుల విగ్రహాన్ని నిలిపారు.

బండ్లపై వలస వచ్చినవారి వంశంలో పుట్టిన కెంపేగౌడ, తరువాత వచ్చేవారందరికీ చోటుండే నగరాన్ని కట్టాడు. నేటికీ పలు భాషలవారు బ్రతుకుతెరువు వెదుకుకొంటూ ఆ నగరానికి వస్తూనే ఉన్నారు. వారికి నీడతో పాటు నీరు కూడా కావాలి. అందుకే మిగిలిన చెరువులను కాపాడుకొనడమే ఆయనకు నిజమైన స్మారకం.