వివేకమునకు దారి చూపిన వీరేశలింగము పంతులుగారు

మన పెన్నాతీరపు రైతు విత్తనము చల్లిననాటినుండి కోతనాటివరకు ప్రతి పనిని లెక్క గట్టియే చేయును. చెరువులో నీరెంత యున్నదో, ఎకరమునకు నారెంత పట్టునో, ఏ తెగులునకు ఏ మందు చల్లవలెనో అతనికి బాగుగా తెలియును. అట్టి రైతే, అర్ధరాత్రివేళ పసిబిడ్డకు జ్వరము వచ్చి ఒడలు కాలిపోవుచున్నప్పుడు మొదట దిష్టి తీయించును, తాయెత్తు కట్టించును. ఆ తరువాతనే వైద్యుని తలచును. వీరు ఇద్దరు మనుష్యులు కారు, ఒక్కడే. కారణము నడుగు బుద్ధియు, కారణము నడుగని నమ్మకమును ఒకే యింట కాపురము చేయుచున్నవి. ఈ రెంటికి గల పొత్తును, పోరును తెలిసికొనగోరువారికి కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితము గొప్ప పాఠము. మన కొడవలూరు గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఆ మహనీయుని చరిత్రను తలచుకొనుట యుచితమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. పసితనముననే ఆయనకు మశూచి సోకెను. ఆ దినములలో మశూచిని రోగమని తలచువారికంటె అమ్మవారి యాగ్రహమని తలచువారే ఎక్కువ. ఇంగ్లండులో జెన్నరు అను వైద్యుడు 1796 లోనే టీకాను కనిపెట్టియుండెను. కాని ఆ సంగతి మన పల్లెలలోని తల్లులకు చేరలేదు. గుమ్మమునకు వేపమండలు కట్టి, అమ్మవారికి మ్రొక్కుకొనుట తప్ప వారికి వేరొక యుపాయము లేదు. ఆ తల్లులను మూఢులని నిందించుట న్యాయము కాదు. ఉపాయము తెలియనిచోట భయమే నమ్మకమునకు తల్లి యగును. 1980 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి లోకమునుండి తొలగిపోయినదని ప్రకటించెను. తొలగించినది టీకాయే. అయినను, ఇంటింటికి తిరిగి జనుల భయము పోగొట్టినవారి యోర్పు లేకున్నచో ఆ టీకా సీసాలోనే యుండిపోయెడిది. ఈ రెండవ మాటను మరువరాదు. పంతులుగారి జీవితమంతయు దానికి సాక్ష్యము.

నాలుగేండ్ల ప్రాయమున వారు తండ్రిని కోల్పోయిరి. పెదతండ్రి వెంకటరత్నముగారు వారిని పెంచి చదువు చెప్పించిరి. ఆ కాలపు ఆచారము ననుసరించి 1861 లో, పదుమూడవ యేట, బాపమ్మ యను బాలికతో వివాహమైనది. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారని లోకమున ప్రసిద్ధి కెక్కిరి. బాల్యవివాహములను ఖండించిన పంతులుగారు తామే బాల్యమున వివాహమాడినవారు. దయ్యములు లేవని చాటిన పంతులుగారు దయ్యముల కథలు వినుచు పెరిగినవారు. వారు వెలుపల నిలిచి లోకమును వెక్కిరించిన వారు కారు. ఆ చీకటి యింటిలోనే పుట్టి దీపమును వెదకికొన్న వారు.

ఆ దీపము వారికి పుస్తకములలో దొరికినది. వంగదేశపు బ్రహ్మసమాజ నాయకుడగు కేశవచంద్రసేనుని గ్రంథములు చదివిన పిదప విగ్రహారాధనమునందును, భూతప్రేతములయందును వారికి నమ్మకము సడలెను. చదివినది నిజమని తలయూపి పుస్తకము మూసివేసిన, అది మరియొక నమ్మకము మాత్రమే యయ్యెడిది. పంతులుగారు అట్లు చేయలేదు. దయ్యములు లేవని జనులకు చూపుటకై అర్ధరాత్రివేళ శ్మశానమునకు నడచి వెళ్ళిరి. మనుష్యుని భయము వాదములకు లొంగదు. వంద యుక్తులు చెప్పినను తల యూపిన వాడే, చీకటి పడగానే చింతచెట్టు క్రిందుగా పోవుటకు జంకును. ఒకడు పోయి, క్షేమముగా తిరిగి వచ్చుటను కన్నులార చూచినప్పుడు ఆ జంకు కొంత తగ్గును. హేతువాదము నోటి మాటగా గాక కాలినడకగా మారవలెనని పంతులుగారు చిన్ననాటనే గ్రహించిరి.

కోరంగిలోను, ధవళేశ్వరములోను ఉపాధ్యాయులుగా పనిచేయుచు, 1874 లో వారు వివేకవర్ధని యను పత్రికను స్థాపించిరి. ఆ సంవత్సరముననే ధవళేశ్వరమున బాలికల పాఠశాలను తెరచిరి. లంచములను, కన్యాశుల్కమును, వేశ్యాలోలత్వమును పత్రికలో తీవ్రముగా ఖండించిరి. తిట్టుటకంటె నవ్వించుట మేలని యెరిగి ప్రహసనములు వ్రాసిరి. 1878 నుండి ఆ పత్రికలోనే ప్రకటితమై, 1880 లో గ్రంథముగా వెలువడిన రాజశేఖర చరిత్రము తెలుగున తొలి నవలగా పేరొందినది. అందు ఒక బైరాగి బంగారము చేసి యిచ్చెదనని నమ్మించి, రాజశేఖరుని సొత్తును అపహరించి పోవును. రాజశేఖరుడు మూర్ఖుడు కాడు. చదువుకొన్నవాడు, దానశీలుడు, పదిమందికి పెద్దదిక్కు. అట్టివాడును మోసపోయెను. బుద్ధి లేక కాదు. ఆశ వచ్చి బుద్ధి కన్నులు మూసినందున. చదువు వచ్చిన మాత్రమున వివేకము రాదని పంతులుగారు ఈ కథలో చూపిరి. ఈనాడు బైరాగి జడలు ధరించి రాడు. చేతిలోని ఫోనునకు సందేశమై వచ్చి, సొమ్మును రెట్టింపు చేసెదననును. వేషము మారినది గాని, వాడు తట్టు తలుపు మారలేదు.

పంతులుగారి జీవితమున మిక్కిలి కఠినమైన పరీక్ష వితంతు వివాహములు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషి ఫలితముగా 1856 లోనే వితంతు వివాహమును అంగీకరించు చట్టము వచ్చెను. చట్టము వచ్చి యిరువదియేండ్లు గడచినను తెలుగునాట ఆచారము కదలలేదు. పెండ్లియన నేమో యెరుగని వయసున భర్త పోయి, తల గొరిగించుకొని, వంటయింటి మూల బ్రతుకు వెళ్ళబుచ్చు బాలికలు ఎందరో యుండిరి. 1879 లో పంతులుగారు రాజమహేంద్రవరమున ఈ విషయమై బహిరంగముగా ఉపన్యసించిరి. వారు మానవన్యాయమును మాత్రమే చెప్పి యూరకుండలేదు. శాస్త్రమునందే నమ్మకము గలవారికి శాస్త్రముతోనే సమాధానము చెప్పవలెనని, పరాశరస్మృతిని ముందుంచి పండితులతో వాదించిరి. ఇందొక విశేషము కలదు. ఎదుటి పక్షమువారును తర్కము తెలియనివారు కారు. వ్యాకరణ మీమాంసలలో ఉద్దండులు. అయినను వారి తర్కము బాలిక కన్నీటివరకు పోలేదు. తర్కము మంచి బండి వంటిది. ఎటు తోలిన అటే పోవును. ఎటు తోలవలెనో చెప్పునది దయ. పంతులుగారికి గమ్యమును చూపినది దయ. ఆ గమ్యమును చేర్చినది తర్కము.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారి యింట తొలి వితంతు వివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. ఊరు మాత్రము వెలి వేసెను. వంటవారు రామనిరి, నీళ్ళు మోయువారు మానివేసిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెతో నీరు మోసికొని వచ్చి, వచ్చినవారందరికి వండి పెట్టిరి. ఉపన్యాసము లిచ్చినవారిని లోకము స్మరించును. బిందె మోసినవారిని మరచును. ఆ బిందెయే లేకున్న ఆ యుద్యమము పూటయైనను సాగెడిది కాదు. ఆమె 1910 లో స్వర్గస్థురాలైరి.

మూఢవిశ్వాసములను ఇంతగా ఖండించినవారు నాస్తికులై యుందురని కొందరు తలతురు. అది పొరపాటు. 1878 లోనే పంతులుగారు రాజమహేంద్రవరమున ప్రార్థనాసమాజమును స్థాపించిరి. ఒక్కడే యగు పరమేశ్వరునియందు వారికి దృఢమైన నమ్మకము కలదు. కారణము చూపలేని ప్రతిదానిని వారు త్రోసివేయలేదు. మనుష్యుని బాధించు నమ్మకమును త్రోసివేసి, మనుష్యుని మంచివానిగా చేయు నమ్మకమును నిలుపుకొనిరి. బిడ్డ జ్వరము తగ్గవలెనని తల్లి చేయు ప్రార్థనకును, మందు మాన్పించి విభూతి మ్రింగించు మాంత్రికుని మాటకును గల భేదమిదియే. మొదటిది మనసునకు ధైర్యము. రెండవది బిడ్డకు మృత్యువు.

పంతులుగారియందు లోపములు లేవని చెప్పరాదు. ప్రతిపక్షులపై వారి కలము ఒక్కొక్కప్పుడు మితిమీరి కోసెను. అందువలన మిత్రులు కాదగినవారు సయితము శత్రువులైరి. కాని తమ యభిప్రాయమును తామే తిరిగి పరీక్షించుకొను గుణము వారిని చివరివరకు విడువలేదు. జీవితమంతయు గ్రాంథికభాషకు పట్టుగొమ్మగా నిలిచిన పెద్ద, 1919 లో, గిడుగు రామమూర్తిగారితో కలిసి, వ్యావహారికభాషను వ్యాప్తి చేయు సమాజమునకు అధ్యక్షత వహించుట కంగీకరించిరి. అప్పటికి వారికి డెబ్బదియేండ్లు. పరుల నమ్మకములను ప్రశ్నించుట సులభము. నలువదియేండ్లు తాము నమ్మినదానిని ప్రశ్నించుట కష్టము. ఆ సంవత్సరము మే 27వ తేదీన చెన్నపట్టణమున వారు పరమపదించిరి.

గ్రంథాలయమునకు వచ్చు యువకులకు ఒక్క మాట. పుస్తకములో నున్నదని నమ్మవలదు. పెద్దలు చెప్పిరని త్రోసివేయవలదు. పంతులుగారు శ్మశానమునకు నడచినట్లు మీరును ఒక్కసారి నడచి చూడుడు. తిరిగి వచ్చునప్పుడు దారిలో ఇంకను భయపడుచున్నవారు కనబడిన, వారిని చూచి నవ్వక, చేయి పట్టుకొని తోడుగా నడిపించుకొని రండు.