విమానానికి ఇంజిన్ చేసిన మెకానిక్ – చార్లీ టేలర్

విమానాన్ని కనిపెట్టింది ఎవరని అడిగితే ఐదో తరగతి విద్యార్థి కూడా రైట్ సోదరులని టక్కున చెబుతాడు. ఆ విమానానికి ఇంజిన్ తయారుచేసింది ఎవరని అడిగితే మాత్రం డిగ్రీ చదివినవారు కూడా తడుముకుంటారు. ఆయన పేరు చార్లెస్ టేలర్. అందరూ చార్లీ అని పిలిచేవారు. పెద్ద చదువులు లేవు, ఆస్తిపాస్తులు లేవు. ఉన్నదల్లా పని తెలిసిన రెండు చేతులు, ఓర్పు. మహనీయుల జీవితాలతో పాటు ఈ మెకానిక్ జీవితం కూడా మన హాస్టల్ విద్యార్థులు తెలుసుకోదగినది.

చార్లీ 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ పట్టణానికి తరలిపోయింది. 12 ఏళ్లకే బడి మానేసి ఒక పత్రికా కార్యాలయంలో బైండింగ్ పనికి కుదిరారు. కానీ మనసంతా యంత్రాల మీదే ఉండేది. క్రమంగా ఇనుము పని నేర్చుకుని మంచి మెషినిస్టుగా పేరు తెచ్చుకున్నారు. పెళ్లయ్యాక ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరం చేరి, వ్యవసాయ పనిముట్లు, సైకిళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కొంతకాలం పనిచేశారు.

అదే ఊళ్లో విల్బర్, ఆర్విల్ రైట్ అనే అన్నదమ్ములు సైకిల్ షాపు నడుపుతున్నారు. 1901 జూన్‌లో వారు చార్లీని గంటకు 30 సెంట్ల కూలికి పనిలో పెట్టుకున్నారు. తాము గ్లైడర్ ప్రయోగాల కోసం సముద్రతీరానికి వెళ్లినప్పుడు షాపు చూసుకునేందుకు నమ్మకమైన మనిషి వారికి కావలసి వచ్చింది.

1902 నాటికి వారి గ్లైడర్ గాలిలో చక్కగా అదుపులో ఉండసాగింది. ఇక కావలసింది ఇంజిన్. కనీసం 8 హార్స్ పవర్ ఇవ్వాలి, బరువు మాత్రం 90 కిలోలు దాటకూడదు. పలు కంపెనీలకు ఉత్తరాలు రాశారు. అంత తేలికైన ఇంజిన్ ఎవరి దగ్గరా దొరకలేదు. దాంతో సొంతంగా తయారుచేయాలని నిర్ణయించుకుని ఆ పని చార్లీకి అప్పగించారు. అంతకు ముందు ఒకసారి కారు ఇంజిన్ బాగుచేయడానికి ప్రయత్నించడం తప్ప చార్లీకి పెట్రోలు ఇంజిన్ల అనుభవం లేదు.

షాపులో ఉన్న ముఖ్యమైన యంత్రాలు ఒక లేత్ మిషన్, ఒక డ్రిల్లింగ్ మిషన్. సరైన డ్రాయింగులు కూడా లేవు. ముగ్గురూ మాట్లాడుకుని ఒక్కో భాగాన్ని చిత్తు కాగితం మీద గీసేవారు. చార్లీ ఆ కాగితాన్ని బల్ల ఎదురుగా గుచ్చుకుని పని మొదలుపెట్టేవారు. అన్నింటికన్నా కష్టమైనది క్రాంక్ షాఫ్ట్. పిస్టన్ల ముందుకు వెనుకకు కదలికను గిర్రున తిరిగే కదలికగా మార్చేది అదే. మందమైన ఉక్కు పలక మీద దాని ఆకారం గీసి, ఆ గీత పొడవునా వరుసగా రంధ్రాలు వేసి, అక్కరలేని ఉక్కును సుత్తి, ఉలితో కొట్టి తీసేశారు. మిగిలిన దానిని లేత్ మీద ఓపికగా తిప్పి నునుపు చేశారు. చివరకు సుమారు ఎనిమిదిన్నర కిలోల క్రాంక్ షాఫ్ట్ సిద్ధమైంది.

బరువు తగ్గించడానికి క్రాంక్ కేసును అల్యూమినియంతో పోత పోయించారు. నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని వ్యాసం 4 అంగుళాలు. ఇప్పటి మాదిరి కార్బురేటర్ లేదు, స్పార్క్ ప్లగ్గులు లేవు. పైనున్న చిన్న ట్యాంకు నుంచి పెట్రోలు తనంతట తానే కిందికి దిగేది. ఆరు వారాలలో ఇంజిన్ తయారైంది. 1903 ఫిబ్రవరిలో పరీక్షిస్తుండగా బేరింగు పట్టేసి క్రాంక్ కేసు పగిలిపోయింది. చార్లీ నిరుత్సాహపడలేదు. మళ్లీ పోత పోయించి, మళ్లీ బిగించి మే నెలకు నడిపించారు. 8 హార్స్ పవర్ చాలనుకుంటే అది 12 ఇచ్చింది. బరువు సుమారు 80 కిలోలే!

ఇంజిన్ తయారవడం ఒక ఎత్తు, దానిని విమానంలో బిగించడం మరొక ఎత్తు. కర్ర, గుడ్డతో చేసిన రెక్క మీద అంత బరువు పెడితే విమానం ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుకని ఇంజిన్‌ను కింది రెక్క మీద మధ్యకు కొంచెం కుడివైపున బిగించి, నడిపే మనిషి దానికి ఎడమవైపున బోర్లా పడుకునేలా ఏర్పాటు చేశారు. మనిషి కంటే ఇంజిన్ బరువు ఎక్కువ కాబట్టి కుడి రెక్కను 4 అంగుళాలు పొడవు పెంచారు. ఇంజిన్ శక్తిని సైకిల్ చెయిన్ల వంటి చెయిన్ల ద్వారా వెనుకనున్న రెండు ప్రొపెల్లర్లకు అందించారు. రెండూ ఒకే దిశలో తిరిగితే విమానం నిలకడగా ఉండదు. అందువల్ల ఒక చెయిన్‌ను ఎనిమిది అంకె ఆకారంలో మెలితిప్పి బిగించారు. బియ్యపు మిల్లులో బెల్టును మెలితిప్పి వేస్తే చక్రం ఎదురు దిశలో తిరగడం మనలో చాలామంది చూసే ఉంటారు. ఇదీ అదే సూత్రం.

1903 నవంబరులో ప్రయోగ స్థలమైన కిట్టీ హాక్‌లో ఇంజిన్ అదురుకు ప్రొపెల్లర్ షాఫ్టులు దెబ్బతిన్నాయి. వాటిని డేటన్‌కు పంపితే చార్లీ బాగుచేసి పంపారు. అవి మళ్లీ పగిలితే ఆర్విల్ స్వయంగా డేటన్ వెళ్లి, గట్టి స్ప్రింగు ఉక్కుతో చేసిన కొత్త షాఫ్టులు తీసుకువచ్చారు. చివరకు డిసెంబరు 17న విమానం గాలిలోకి లేచింది. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. ఆ రోజు నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. ఆ సమయంలో చార్లీ అక్కడ లేరు. డేటన్‌లో షాపు చూసుకుంటున్నారు.

ఆ తరువాత కూడా ఆయన చాలా ఏళ్లు విమానాల పనిలోనే ఉన్నారు. 1908లో ఫోర్ట్ మైయర్ వద్ద ఆర్విల్ నడుపుతున్న విమానం కూలి, పక్కన కూర్చున్న సైనికాధికారి మరణించినప్పుడు శిథిలాలు పరిశీలించి, ప్రొపెల్లర్ పగలడం వల్లే ప్రమాదం జరిగిందని తేల్చడంలో పాలుపంచుకున్నారు. 1911లో కాల్ రోడ్జర్స్ విమానంలో అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరానికి దాటినప్పుడు మెకానిక్‌గా రైలులో వెంట వెళ్లారు. దారి పొడవునా విమానం పలుమార్లు కూలింది. ప్రతిసారీ మళ్లీ నిలబెట్టారు.

ఇంత చేసినా చార్లీ పేరు లోకానికి తెలియలేదు. కాలిఫోర్నియాలో కొన్న భూమి ఆర్థిక మాంద్యంలో పోయింది. 1930లో భార్య చనిపోయింది. వృద్ధాప్యంలో ఒక విమాన ఫ్యాక్టరీలో సాధారణ కార్మికుడిగా గంట కూలికి పనిచేశారు. మొదటి విమానం ఇంజిన్ చేసింది తమ మధ్యనున్న ఈ ముసలాయనేనని అక్కడివారికి తెలియదు. 1937లో హెన్రీ ఫోర్డ్ రైట్ సోదరుల షాపును తన మ్యూజియంలో తిరిగి నిర్మించేటప్పుడు ఆయనను వెతికి పిలిపించారు. 1948లో చనిపోయిన ఆర్విల్, చార్లీకి ఏటా 800 డాలర్లు అందేలా వీలునామాలో రాశారు. పెరిగిన ధరలకు అది చాలలేదు. 1955లో లాస్ ఏంజెలిస్‌లోని ఆసుపత్రిలో, పేదల వార్డులో ఉన్న ఆయనను ఒక విలేఖరి గుర్తించి రాస్తే, విమాన పరిశ్రమ చందాలు వేసుకుని మంచి వైద్యం చేయించింది. 1956 జనవరి 30న, 87వ ఏట, చార్లీ కన్నుమూశారు. నేడు అమెరికాలో 50 ఏళ్లు సేవ చేసిన విమాన మెకానిక్‌లకు ఆయన పేరున అవార్డు ఇస్తున్నారు. ఆయన పుట్టిన మే 24ను విమాన మెకానిక్‌ల దినంగా జరుపుకుంటున్నారు.

ఈ కథ మనకు దూరమైనదేమీ కాదు. 1910లోనే నగరికి దగ్గరలోని మద్రాసులో హోటలు యజమాని డి ఏంజెలిస్, సింప్సన్ కంపెనీ వర్క్‌షాపులో తయారుచేయించిన చిన్న ఇంజిన్ విమానాన్ని పల్లావరంలో ఎగురవేశారు. నేడు ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదివినవారు కూడా విమాన మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ కోర్సులో చేరవచ్చు. పిస్టన్ ఇంజిన్ ఉన్న చిన్న విమానాలకు అందులో ప్రత్యేక లైసెన్సు ఉంది. ఆ లైసెన్సు ఉన్న మనిషి పరీక్షించి సంతకం పెట్టనిదే, ఎంత పెద్ద పైలట్ అయినా విమానాన్ని లేపడానికి వీలులేదు.

సోదరులారా! హాస్టల్లో చదివి ఆఫీసర్లు, డాక్టర్లు, టీచర్లు అయినవారిని వార్షికోత్సవాలలో వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. అది మంచిదే. కానీ పదో తరగతితో ఆగిపోయి పవర్‌లూమ్ షెడ్డులోనో, లేత్ వర్క్‌షాపులోనో పనిచేస్తున్న మన పాత విద్యార్థులు ఆ రోజు గేటు బయటే నిలబడి చూసి వెళ్లిపోకూడదు. వారి పేర్లు కూడా పిలుద్దాం. చార్లీ టేలర్‌ను గుర్తించడానికి లోకానికి 50 ఏళ్లు పట్టింది. మనవాళ్లను గుర్తించడానికి మనకు అంతకాలం అక్కరలేదు.