గోలకొండ కడపటి సుల్తాను తానీషా

మన ప్రాంతమున తానీషా పేరెరుగనివారుండరు. అయితే మనమెరిగిన తానీషా రామదాసు కథలోని తానీషాయే. రామలక్ష్మణులు ఆరు లక్షల పైకము చెల్లించి రసీదు గైకొని మరలుటతో మన హరికథకులు ఆ ప్రభువును విడిచిపెట్టుదురు. ఆయన ఎట్లు గద్దె నెక్కెనో, తుద కేమయ్యెనో చెప్పువారరుదు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ మిగిలిన భాగమును వ్రాయదలచితిని.

ఆయన అసలు పేరు అబుల్ హసన్. కుతుబ్‌షాహీలకు దూరపు బంధువు. యౌవనమున చాలకాలము షా రాజు అను సూఫీ గురువు నాశ్రయించి యుండెను. తానాషా యనునది ఆ గురువు ముద్దుగా పిలిచిన పేరట. నేడు హిందీలో ఆ మాటకు నిరంకుశుడని యర్థము. ఇంత మెత్తని ప్రభువు పేరట్లు వాడుకకు వచ్చుట వింతయే.

అబ్దుల్లా కుతుబ్‌షాకు పుత్రులు లేరు, ముగ్గురు పుత్రికలు. మూడవ కుమార్తె వివాహమునకు సర్వము సిద్ధమైన పిదప వరుని విషయమున కలహము పుట్టి, అప్పటికప్పుడు అబుల్ హసనును రప్పించి పెండ్లి చేసిరని చెప్పుదురు. 1672లో మామ మరణింపగా మరియొక యల్లునితో పోరు వచ్చెను. సయ్యద్ ముజఫర్ మొదలగు ప్రముఖుల బలముతో అబుల్ హసన్ సుల్తానయ్యెను. ఆ ముజఫర్ కొలువున వ్రాతకోతలు చూచుచుండిన మాదన్న కొలదికాలముననే రాజ్యమునకు ప్రధాని యయ్యెను. సోదరుడు అక్కన్నకును ఉన్నత పదవి లభించెను.

వీరి మేనల్లుడే మన నేలకొండపల్లి కంచర్ల గోపన్న. పాల్వంచ పరగణా తహసీలుదారుడై, సర్కారు పైకముతో భద్రాచలమున ఆలయము కట్టించి చెరసాల పాలయ్యెను. లెక్కలు వ్రాయు వృత్తివాడను గనుక ఒక్కమాట చెప్పెదను. వసూలైన శిస్తును ఖజానాకు జమకట్టని యుద్యోగిని ఏ ప్రభువు ఉపేక్షించును? గోపన్న భక్తి లోకోత్తరమైనదే. కాని సుల్తాను చేసినది మతద్వేషము కాదు, పద్దు అడుగుట. సీతారామ కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయనతోనే మొదలైనదని ప్రతీతి. నేటికిని ప్రభుత్వము పంపుచునే యున్నది.

1677లో శివాజీ గోలకొండకు రాగా తానీషా ఆదరించి, ధనమిచ్చి, పొత్తు కుదుర్చుకొనెను. ఇది ఔరంగజేబునకు కంటగింపయ్యెను. హిందువులు మంత్రులై యుండుట అంతకుమించిన నేరమయ్యెను. 1685లో మొగలు సేనలు హైదరాబాదును దోచుకొనగా సుల్తాను కోటలో తలదాచుకొనెను. మాదన్న, అక్కన్నలను తొలగించవలెనన్నది సంధి షరతులలో నొకటి. తానీషా జాగు చేసెను. ఆ జాగు తన రాజ్యమునకే ముప్పని యెరుగక చేసెనని నేననుకొనను. 1686 మార్చిలో సొంత కొలువులోని వారే కుట్రపన్ని ఆ సోదరులను గోలకొండ వీధిలో నరికించిరి. ఆయన వారిని రక్షింపజాలకపోయెను.

ఆ బలితోను పాదుషా తృప్తిచెందలేదు. బిజాపురమును మ్రింగి, 1687 ఆరంభమున గోలకొండను ముట్టడించెను. ఎనిమిది నెలలు కోట లొంగలేదు. మొగలులు గోడక్రింద పెట్టిన మందుపాతరలు వారిమీదికే ప్రేలెను. వానలు, కరవు, రోగములు వారి శిబిరమును పీడించెను. బలముచేత కానిది లంచముచేత నయ్యెను. సెప్టెంబరులో ఒకనాటి రాత్రి అబ్దుల్లాఖాన్ పన్ని అను సేనాని ద్వారము తెరపించెను. అబ్దుల్ రజాక్ లారీ యనువాడు మాత్రము ఒళ్లంతయు గాయములై పడిపోవువరకు పోరాడెను. 1518 ప్రాంతమున మొదలైన కుతుబ్‌షాహీ రాజ్యము, తానీషా గద్దె నెక్కిన పదునైదేండ్లకే, ఆనాటితో ముగిసెను.

బంధింప వచ్చిన మొగలు సరదారులను చూచి తానీషా తొట్రుపడలేదు. భోజనము వేళ యైనదని కూర్చుండి, వారిని కూడ రమ్మని, నెమ్మదిగా భుజించి లేచెనట.

పిదప ఆయనను దౌలతాబాదు కోటలో నుంచిరి. గోపన్న పండ్రెండేండ్లు చెరలో నుండెనని మన కథ. తానీషా చెరయు సుమారు పండ్రెండేండ్లే. 1699 ప్రాంతమున అక్కడనే కన్నుమూసెను. గోలకొండ చెంత ఆయన పూర్వుల గోరీలు గుమ్మటములతో నేటికిని నిలిచియున్నవి. ఆయన గోరీ మాత్రము వారి నడుమ లేదు. దౌలతాబాదునకు చేరువనున్న ఖుల్దాబాదులో, సూఫీ సాధువుల సమాధుల నడుమ ఉన్నది.