దాల్చినచెక్క పొడిలో ఏముంది?

మిరపకాయలు ఎండబెట్టి, మర దగ్గర నిలబడి కారం ఆడించుకొచ్చే మనలాంటి వాళ్లకి ఎలెన్ స్వాలో రిచర్డ్స్ గురించి చెప్పాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

1842లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టింది. తండ్రి కొట్లో చేదోడుగా ఉండేది. ట్యూషన్లు చెప్పి, ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో పాతికేళ్ల వయసులో కాలేజీలో చేరింది. 1873లో బాస్టన్‌లోని ఎం.ఐ.టి.లో పట్టా పుచ్చుకున్న మొదటి స్త్రీ ఆవిడే. ఆవిడ దగ్గర ఫీజు తీసుకోలేదు. జాలిపడి కాదండోయ్! ఎవరైనా నిలదీస్తే, ఆమె మా విద్యార్థినే కాదని తప్పుకోవడానికి.

1876లో అక్కడే ఆడవాళ్లకోసం ప్రయోగశాల పెట్టించి, ఏళ్ల తరబడి జీతం లేకుండా పాఠాలు చెప్పింది. కిరాణా సరుకులు పరీక్షిస్తే దాల్చినచెక్క పొడిలో రంపపు పొట్టు, పంచదారలో ఇసుక! కల్తీ సంగతి ఇల్లాళ్లకి తెలియాలని పుస్తకం రాసింది. 1887 నుంచి రాష్ట్రమంతటా తాగునీళ్ల నమూనాలు వేలకొద్దీ పరీక్షించింది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ల నీళ్లలో క్లోరైడ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువుంటే మురుగు కలిసిందేమోనని అనుమానించాలి. అది పోల్చుకోవడానికి పటమే తయారైంది.

1890లో పేదలకి చవగ్గా, శుభ్రంగా వండి అమ్మే వంటశాల తెరిచింది. వలసొచ్చిన జనం పెద్దగా కొనలేదు. ఎంత శుభ్రమైతే మాత్రం, ఎవరి నాలుక వాళ్లది కదా! 1894 నుంచి ఆ వంటశాల తిండి బాస్టన్ హైస్కూలు పిల్లలకి మధ్యాహ్న భోజనమైంది. 1911లో ఆవిడ కన్నుమూసేనాటికి ఎం.ఐ.టి.లో పాఠాలు చెబుతూనే ఉంది.