ఈసీ టీవీ గుర్తుందా..? ఆ చెక్కపెట్టె వెనకున్న తెలుగు సైంటిస్ట్ ఏఎస్ రావు కథ ఇదీ!

పాత ట్యూబ్ టీవీలను వెతికి పట్టుకుని, బాగు చేయించి దాచుకునేవాళ్లకు కొన్ని పేర్లు వింటే ప్రాణం లేచొస్తుంది. డయనోరా, సాలిడేర్.. వాటి పక్కనే ఈసీ టీవీ. మొదటి రెండూ మద్రాసు కంపెనీలు. ఈసీ మాత్రం మన హైదరాబాద్‌ది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఏ అటక మీదో ఇలాంటి సెట్టు దొరికితే దాని వెనకున్న లేబుల్ ఒక్కసారి చూడండి. ఈసీఐఎల్ అని ఉంటే, ఆ కథ పశ్చిమ గోదావరిలోని ఓ పల్లెటూళ్లో మొదలైందన్నమాట.

మోగల్లు టు స్టాన్‌ఫోర్డ్

అయ్యగారి సాంబశివరావు 1914లో మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు కుటుంబం సొంతూరు కూడా ఇదే. బెనారస్ హిందూ యూనివర్సిటీలో సైన్స్ చదివి, కొన్నాళ్లు అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత టాటా స్కాలర్‌షిప్ రావడంతో అమెరికా వెళ్లి, స్టాన్‌ఫోర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ పూర్తి చేశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశానికి తిరిగొచ్చి హోమీ భాభా టీమ్‌లో చేరారు.

అప్పట్లో రేడియేషన్ కొలిచే చిన్న మీటర్ కావాలన్నా విదేశాల వైపు చూడాల్సిందే. డాలర్లు లేవు, విడిభాగాలు రావు. రావు గ్రూప్ ఆ పరికరాలను ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. 1956 ఆగస్టులో ట్రాంబేలో ఆసియాలోనే తొలి రియాక్టర్లలో ఒకటైన అప్సర పనిచేయడం మొదలైనప్పుడు, దాని కంట్రోల్ ఎలక్ట్రానిక్స్ వెనక ఉన్నది ఈ గ్రూపే.

యుద్ధం నేర్పిన పాఠం

1962లో చైనాతో యుద్ధం. మన సైన్యానికి ఎలక్ట్రానిక్ పరికరాల కొరత ఎంత ఉందో అప్పుడే బయటపడింది. మరుసటి ఏడాది కేంద్రం ఓ ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. భాభా అధ్యక్షుడు. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లే కావడం విశేషం.

1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో చనిపోయారు. కమిటీ చెప్పింది మాత్రం ఆగలేదు. ల్యాబ్‌లో ఒకటి రెండు పరికరాలు చేస్తే చాలదు, ఫ్యాక్టరీ స్థాయిలో చేయాలన్న ఆలోచనతో 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా.. అదే మన ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టే బాధ్యత రావు చేతికొచ్చింది.

అణు కంపెనీకి టీవీలతో పనేంటి?

చాలామందికి వచ్చే డౌటే ఇది. జవాబు సింపుల్. రియాక్టర్ ప్యానెల్‌లో ఉండే ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లే టీవీలోనూ ఉంటాయి. సోల్డరింగ్ చేసే చేతులూ అవే. ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే దేశీయ కంప్యూటర్ తెచ్చింది. తర్వాత వాల్వులు లేని సాలిడ్ స్టేట్ టీవీ కూడా చేసి చూపించింది. సెట్టులో మిగిలిన ఒకే ఒక్క పెద్ద గాజు ట్యూబ్.. పిక్చర్ ట్యూబ్.

అసలు పరీక్ష 1975లో ఎదురైంది. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఏడాది పాటు టీవీ ప్రోగ్రామ్స్ చూపించారు. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఆ ఊళ్లలో పెట్టిన సెట్లను సరఫరా చేసింది ఈసీఐఎల్. కోళ్ల గూడుకు వాడే జాలీతో చేసిన 3 మీటర్ల డిష్ పక్కన ఊరంతా కూర్చుని చూసింది ఈ సెట్లలోనే. దుమ్ము, ఎండ, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు.. వీటన్నిటినీ అవి తట్టుకోవాల్సి వచ్చింది.

మెట్ట ప్రాంతంలో యాంటెన్నా కష్టాలు

హైదరాబాద్ దూరదర్శన్ 1970ల్లో, మద్రాసు కేంద్రం 1975 ఆగస్టులో మొదలయ్యాయి. టీవీ తరంగాలు దాదాపు సూటిగానే వెళ్తాయి. దూరం పెరిగినా, కొండ అడ్డొచ్చినా సిగ్నల్ పడిపోతుంది. అందుకే వెలిగొండల అంచున ఉన్న ఉదయగిరి లాంటి చోట్ల ఎత్తైన పైపు, బూస్టర్ లేకుండా బొమ్మ రావడం కష్టం. మిద్దె మీద ఒకరు యాంటెన్నా తిప్పడం, కింద నుంచి ఇంకొకరు కేకేసి చెప్పడం ఆ తరానికి బాగా తెలిసిన సీనే.

1982లో కలర్ ప్రసారాలు వచ్చాయి. కిట్లు తెచ్చి బిగించే కంపెనీలు పుట్టుకొచ్చాయి, ధరల పోటీ పెరిగింది. ప్రభుత్వ సంస్థ టీవీ ఆ రేసులో వెనకబడింది. చివరికి ఈసీ పేరు షాపుల్లోంచి మాయమైంది. ఈసీఐఎల్ మాత్రం అణు, రక్షణ రంగాల్లో కొనసాగింది. మనం ఓటేసే ఈవీఎంలు తయారు చేసే రెండు కంపెనీల్లో ఇదొకటి.

పాత సెట్టు దొరికితే..

సేకరించేవాళ్లు చెప్పే మొదటి జాగ్రత్త.. ఏళ్ల తరబడి మూలనపడ్డ సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. ఎండిపోయిన కెపాసిటర్లు పేలొచ్చు. మెకానిక్కులు ముందు దుమ్ము దులిపి, కెపాసిటర్లు మార్చి, సిరీస్ బల్బు పెట్టి చూస్తారు. పిక్చర్ ట్యూబ్‌కు వెళ్లే వోల్టేజ్ బ్లాక్ అండ్ వైట్ సెట్లలోనే పది వేల వోల్టులు దాటుతుంది. స్విచ్ ఆపినా చార్జ్ మిగిలే ఉంటుంది. తెలియనివాళ్లు వెనక మూత తీయకపోవడమే మంచిది.

బోర్డు బాగు చేయడం పెద్ద కష్టం కాదు. ప్రతి పార్టూ విడిగా ఉంటుంది, పోయినదాన్ని తీసి కొత్తది అతికించొచ్చు. పిక్చర్ ట్యూబ్ పోతేనే చిక్కు. ఇప్పుడు కొత్తవి తయారు కావడం లేదు. మరో పాత సెట్టులోంచి తీయాల్సిందే. పాత అనలాగ్ ప్రసారాలూ దాదాపు ఆగిపోయాయి కాబట్టి సెట్‌టాప్ బాక్స్‌కు, టీవీకి మధ్య ఓ ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ పెట్టాలి. అప్పుడే బొమ్మ వస్తుంది.

పేరు మిగిలింది.. పెట్టెలే పోతున్నాయి

రావుకు 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ అవార్డు, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 2003లో ఆయన కన్నుమూశారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర్లోని ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీద వెలిసిన కాలనీయే. రోజూ ఆ స్టాపులో దిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసు?

విదేశీ మీటర్ కోసం ఎదురుచూసే రోజుల నుంచి పల్లె ముంగిట్లో మనం చేసుకున్న టీవీ వెలిగే రోజు దాకా దేశాన్ని నడిపించినవాళ్లలో ఆయనొకరు. ఆ ప్రయాణానికి సాక్ష్యంగా మిగిలిన సెట్లు ఇప్పుడు కేజీల లెక్కన పాత ఇనుప సామాన్ల బండెక్కుతున్నాయి. రాగి కోసం కాయిల్ తెంపి, ట్యూబ్ పగలగొట్టాక ఇక ఏ మెకానిక్కూ దాన్ని వెనక్కి తేలేడు. మీ అటక మీద ఒకటి ఉంటే, బండివాణ్ని పిలిచే ముందు వెనకున్న ఆ లేబుల్ చదవండి.