కవితాబలము: గరిమెళ్ల సత్యనారాయణగారు

కవిత్వమునకు అర్థపుష్టిని, హృదయమును కదలించు శక్తిని ఒసగునది యలంకారమా, ఛందస్సా, పాండిత్యమా యని మన లాక్షణికులు శతాబ్దములు చర్చించిరి. ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యాత్మగా నిరూపించెను. ఒకని యనుభవము సర్వసామాన్యమగుటయే రసాస్వాదనకు మార్గమని భట్టనాయకుడు సిద్ధాంతీకరించెను. ఈ సిద్ధాంతమునకు పండితసభలలో గాక సంతవీధులలో నిదర్శనము చూపినవారు గరిమెళ్ల సత్యనారాయణగారు.

వారు 1893లో నరసన్నపేట ప్రాంతమునందలి గోనెపాడులో పేదకుటుంబమున జన్మించిరి. బి.ఏ. పట్టము పొంది, గుమాస్తాగను ఉపాధ్యాయుడుగను కొంతకాలము పనిచేసిరి. గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపునీయగానే, ఉద్యోగము నాశింపదగిన ఆ పట్టమును ప్రక్కకు నెట్టి, పల్లెపల్లెకు పాట మోసికొనిపోయిరి.

తెల్లవారి పాలన వలదని చాటిన ఆ పాటలో నిఘంటువు వెదకవలసిన మాట యొక్కటియు లేదు. పండిన పంట తనది కాకపోవుట, ఉప్పు ముట్టుట దోషమగుట మొదలగు నిత్యానుభవములే యందలి వస్తువు. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహమునకు ఎన్నియో యేండ్లు ముందే ఉప్పు బాధ ఆ పాట కెక్కినది. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఆ పాట "నేను" అని కాక "మేము" అని నడచును. పాడిన ప్రతివాడును ఆ "మేము"లో జేరిపోవుచుండెను. సాధారణీకరణమనగా నిదియే గదా!

తెలుగెరుగని కలెక్టరు సైతము ఆ పాట బలమును గ్రహించెనని ప్రతీతి. దొరతనమువారు వారికి తొలుత ఒక యేడు, విడుదలయైన పిమ్మట పాట మానకున్నందున మరి రెండున్నర యేండ్లు శిక్ష విధించిరి. పలికిన పలుకునకు మూల్యము చెల్లించుటకు కవి సిద్ధముగా నున్నాడని జనులకు తెలిసిన పిదప, ఆ పలుకు ద్విగుణితబలము పొందినది. పాండిత్యము ఈ బలమును తెచ్చిపెట్టజాలదు.

తరువాత వారు మద్రాసున పత్రికలయందు పనిచేసి పొట్టపోసికొనిరి. స్వరాజ్యము 1947లో వచ్చినది. దారిద్ర్యము వారిని వదలలేదు. అనారోగ్యముతో, ఆదరణ లేక, 1952లో మద్రాసుననే కన్నుమూసిరి. వారి పాట పాడినవారు లక్షలుండిరి. వారి యింట పొయ్యి రాజినదా యని విచారించినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే.

వినువాని హృదయము కరగుటతో రసము సిద్ధించినదని శాస్త్రము తృప్తిచెందవచ్చును. సంఘమునకు ఆ తృప్తి తగదు. కవి మన యాకలిని తన పాటగా జేసికొనెను. అతని యాకలిని మనదిగా జేసికొనుట మన వంతు. వర్ధంతిసభలలో దండలు వేయువారిని, గాదెలలో ధాన్యము గల పెద్దలను మేము కోరునది యొక్కటే: మీ యూర నేడు జీవించియున్న కవి యెవడో తెలిసికొనుడు. అతని పుస్తకము వెలయిచ్చి కొనుడు. అతని యింట బియ్యమున్నవా యని ఆతడు బ్రదికియుండగనే యడుగుడు.