మేడం వాకర్: చేతిసంచితో మొదలైన వ్యాపారం

సావనీర్లలో శాస్త్రజ్ఞుల జీవితాలూ, దేశనాయకుల జీవితాలూ ఏటా వస్తూనే ఉంటాయి. వ్యాపారస్తుల సంగతి వచ్చేసరికి మనకెందుకో కొంచెం చిన్నచూపు. అందుకే ఈసారి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళ తలలకు మందు రాసి పైకొచ్చిన ఒక స్త్రీ గురించి రాయాలనిపించింది.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న అమెరికాలో, లూసియానా రాష్ట్రంలోని డెల్టా అనే పల్లెలో పుట్టింది. (మన అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పుట్టిందీ ఆ సంవత్సరమే.) తల్లిదండ్రులు పత్తిచేలలో బానిసలుగా బ్రతికినవాళ్ళు. బానిసత్వం పోయాక ఆ ఇంట్లో పుట్టిన మొదటి బిడ్డ ఈమె. ఏడేళ్ళకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పద్నాలుగేళ్ళకు పెళ్ళయింది. ఇరవై ఏళ్ళకు భర్త పోయాడు, చంకన ఆడపిల్ల మిగిలింది. ఇరవై ఏళ్ళంటే మనం డిగ్రీ చదివే వయసు.

పిల్లను తీసుకుని సెయింట్ లూయిస్ నగరం చేరింది. అక్కడ అన్నలు క్షౌరశాలలో పనిచేసేవారు. ఈమె ఊరివాళ్ళ బట్టలుతికేది. పొద్దస్తమానం తొట్టి ముందు వంగి ఉతికితే డాలరో, డాలరున్నరో వచ్చేది. ఒక ఏడాదీ రెండేళ్ళూ కాదు, పదిహేనేళ్ళకు పైగా అదే పని.

ఆ రోజుల్లోనే ఆమెకు జుట్టు ఊడిపోసాగింది. పేద నల్లజాతి ఆడవాళ్ళలో ఇది మామూలే. ఇళ్ళలో కుళాయిలు లేవు, తలస్నానం ఏ వారాలకో ఒకసారి, పైగా ఘాటు క్షారపు సబ్బులు. మాడు పుండ్లు పడి జుట్టు నిలిచేది కాదు. ఏనీ టర్న్‌బో అనే మరో నల్లజాతి మహిళ అప్పటికే జుట్టు మందులు తయారుచేసి అమ్ముతుండేది. సారా ఆమెకు ఏజెంటుగా చేరింది. 1905లో డెన్వర్ వెళ్ళింది. చేతిలో ఉన్నది రెండు డాలర్లకు లోపే. పగలు వంటమనిషి పని, మిగిలిన వేళల్లో జుట్టు మందు అమ్మకం. 1906లో చార్లెస్ వాకర్ అనే పత్రికా ప్రకటనల మనిషిని పెళ్ళాడి, మేడం సి.జె. వాకర్ అనే పేరుతో సొంత మందు మొదలెట్టింది.

మందు కిటుకు కలలో తెలిసిందని ఆమె చెప్పుకునేది. తన మందునే కాపీ కొట్టిందని ఏనీ ఆరోపించింది. అందులో ముఖ్యమైనవి పెట్రోలియం జెల్లీ, గంధకం. ఆ గంధకమే మన పొలాల్లో బూడిద తెగులుకు కొట్టేదీను. మాడుకు గంధకం రాయడం ఈమెకు ముందునుంచీ ఉన్నదే. కాబట్టి కల సంగతి సైన్సు చదివేవాళ్ళం నమ్మనక్కర్లేదు. గొప్పతనం మందులో లేదు, అమ్మిన తీరులో ఉంది.

ఇంటింటికీ వెళ్ళి చేసే పనిలో చిక్కేమిటో మదీనాగూడలో చూడొచ్చు. స్కూటీ మీద సంచి పెట్టుకుని అపార్ట్‌మెంట్లకు వచ్చే బ్యూటీషియన్లు ఫేషియల్‌కి, త్రెడింగ్‌కి డబ్బు తీసుకుంటారు. కాని ఇక్కడ ఒక ఇల్లు ముగించుకుని కొండాపూర్‌లో ఇంకో ఇంటికి పోయేలోగా ట్రాఫిక్‌లో పోయిన గంటకు ఎవరిస్తారు? పెట్రోలు సరేసరి. ఒక మనిషికి ఉన్నవి రెండు చేతులే, రోజుకు ఎన్ని ఇళ్ళని తిరుగుతుంది?

వాకర్ ఈ లెక్కను రెండు విధాల తిప్పింది. మొదటిది, ఒక్కో ఊరికి వెళ్ళినప్పుడు చర్చిలోనో, సంఘం హాల్లోనో నలుగురిని పోగుచేసి, ఒక తల మీద చేసి చూపించేది. ప్రయాణం ఒకటే, కొనేవాళ్ళు చాలామంది. డబ్బా అరడాలరు. అయిపోయాక పోస్టులో తెప్పించుకునేవారు, డెన్వర్ నుంచి కూతురు పంపేది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ ఊళ్ళోనే ఒకామెకు పని నేర్పి, ఏజెంటుగా నిలిపి తాను ముందుకు సాగేది. ఆ ఏజెంటుకు దూరాభారం లేదు, చుట్టుపక్కల వాళ్ళంతా తెలిసినవాళ్ళే. వైద్యం వారం వారం చేయాలి కనుక చేతికీ కూలి, డబ్బాకీ లాభం. బట్టలుతికి డాలరు కళ్ళజూసిన ఆడవాళ్ళు ఇందులో అంతకు ఎన్నోరెట్లు సంపాదించారు.

1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరు మీద లీలియా కాలేజీ అని శిక్షణాలయం పెట్టింది. 1910లో ఇండియానాపోలిస్‌కు మారి ఫ్యాక్టరీ కట్టింది. రైలు మార్గాలు అన్ని దిక్కులకూ పోయే ఊరది, సరుకు పంపడానికి అనువు.

అయినా మగ పెద్దలకు ఈమె ఆనలేదు. 1912లో చికాగోలో జరిగిన నల్లజాతి వ్యాపారుల మహాసభలో బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాట్లాడే అవకాశమివ్వలేదు. చివరిరోజు ఆమె పిలవకుండానే లేచి నిలబడి, పత్తిచేను నుంచి ఉతుకుడు తొట్టికీ, అక్కడినుంచి వంటింటికీ, తర్వాత సొంత ఫ్యాక్టరీకీ ఎలా వచ్చిందో చెప్పేసింది. మరుసటి ఏడు ఆయనే వక్తగా ఆహ్వానించాడు. నాకైతే ఈమె కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

1917లో ఫిలడెల్ఫియాలో తన ఏజెంట్ల మహాసభ జరిపింది. ఎక్కువ అమ్మినవారికే కాదు, ఎక్కువ దానం చేసినవారికీ బహుమతులిచ్చింది. అదే ఏడాది నల్లవాళ్ళపై మూకహత్యలను అరికట్టాలని కోరుతూ వైట్‌హౌస్‌కు వెళ్ళిన బృందంలో ఆమె ఉంది.

1919 మే 25న, యాభై ఒకటో ఏట, న్యూయార్క్ దగ్గర ఇర్వింగ్టన్‌లో కట్టుకున్న భవనంలో కన్నుమూసింది. పత్రికలు మిలియనీరు అని రాశాయి గాని, ఆస్తి లెక్కగడితే పదిలక్షల డాలర్లు తేలలేదు. కంపెనీకి ఇకముందు వచ్చే నికర లాభంలో మూడింట రెండు వంతులు ధర్మకార్యాలకు పోవాలని వీలునామా రాసిపెట్టింది.